రీఫ్ ట్యాంకు నీళ్ళు రాత్రికి రాత్రే తెల్లబడ్డాయి, చేపలు పైకొచ్చి గాలి పీలుస్తున్నాయి

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం ఉదయం 6:48

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటుగా సాయం కావాలి. నిన్న రాత్రి లైట్లు ఆరేటప్పటికి నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, వెనక అద్దం మీద కోరలైన్ (రాళ్ళకి పట్టే గులాబీ రంగు ఆల్గే) మచ్చలు కూడా కనిపించాయి. పొద్దున లేచి చూసేసరికి పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. ముందు వరుస రాళ్ళ వెనక ఏముందో అస్సలు తెలియడం లేదు.

పగడాలు పెంచే నాలుగడుగుల ఉప్పునీళ్ళ ట్యాంకు, సంప్‌తో (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి నీళ్ళు సుమారు 300 లీటర్లు. పెట్టి ఎనిమిది నెలలు. క్లౌన్ చేపలు రెండు, లాన్‌మోవర్ బ్లెన్నీ చేప ఒకటి, క్లీనర్ ష్రింప్ (రొయ్యలు) రెండు, కొన్ని నత్తలు. పగడాలన్నీ సాఫ్ట్ రకాలే: జోవాలు, మష్రూములు, ఒక పెద్ద టోడ్‌స్టూల్ లెదర్.

క్లౌన్లు రెండూ రిటర్న్ పైపు దగ్గర నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. బ్లెన్నీ రాయి మీద కూర్చుని మొప్పలు గబగబా ఆడిస్తోంది. టోడ్‌స్టూల్ పూర్తిగా ముడుచుకుపోయింది. ఉప్పు కలిపిన నీళ్ళు ఒక 40 లీటర్లు సిద్ధంగా ఉన్నాయి. తెలిసిన ఫిష్ షాపాయనకి ఫోన్ చేస్తే మిథిలీన్ బ్లూ వేసేసి, మొత్తం నీళ్ళు మార్చేయమన్నారు. ఏం చేయమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.

భీమిలి_అల | ఆదివారం ఉదయం 6:55

తమ్ముడూ, ముందు గాలి. మిగతావన్నీ తర్వాత.

ఇంట్లో ఎయిర్ పంపు ఉంటే బుడగలు వదిలే రాయి తగిలించి ఇప్పుడే ట్యాంకులో వేయండి. వేవ్‌మేకర్ (నీళ్ళు కదిపే పంపు) మూతి పైకి తిప్పండి, నీటి పైభాగం బాగా కదలాలి. స్కిమ్మర్ (నురగతో మురికి లాగే యంత్రం) ఆడుతోందో లేదో చూడండి. మూత ఉంటే తీసేయండి, కిటికీ తెరవండి. ఇవాళ మేత వద్దు. లైట్లు రోజూ వెలిగే టైముకే వెలగనివ్వండి.

సీసాలో ఉన్నది ఏదీ ట్యాంకులో పోయొద్దు. ఇవన్నీ చేసి వచ్చి రాయండి, ఇక్కడే ఉంటాను.

పగడాల_రాణి | ఆదివారం ఉదయం 7:01

మిథిలీన్ బ్లూ మాత్రం వద్దు. అది విడిగా పెట్టే హాస్పిటల్ ట్యాంకులో చేపకి వైద్యం చేయడానికి పనికొచ్చే మందు. రీఫ్‌లో వేస్తే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, పగడాలకీ రొయ్యలకీ మంచిది కాదు, సిలికాన్ జాయింట్లన్నీ నీలంగా మారిపోతాయి. కాపర్ కలిసిన మందు ఇంకా ప్రమాదం, రొయ్యలు, నత్తలు, పగడాలు ఏవీ తట్టుకోలేవు.

మంచినీళ్ళ చేపలకి చెప్పే వైద్యమే ఉప్పునీళ్ళ ట్యాంకుకీ చెప్పేయడం మన దగ్గర చాలా షాపుల్లో జరుగుతోంది. జీవాలు పోయేది ఇలాంటి సలహాలవల్లే. నాకు నిజంగా బాధేస్తుంది.

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం ఉదయం 7:19

పాత ఎయిర్ పంపు దొరికింది, రెండు రాళ్ళు పెట్టాను. వేవ్‌మేకర్ పైకి తిప్పాను. స్కిమ్మర్ ఆడుతోంది కానీ కప్పు నిండా తెల్లటి నురగ, ఎప్పుడూ అలా రాదు. క్లౌన్లు కాస్త కిందికి దిగాయి. బ్లెన్నీ మొప్పలు ఇంకా వేగంగానే ఆడిస్తోంది.

కొత్త_ఉప్పునీళ్ళు | ఆదివారం ఉదయం 7:24

నేను కొత్త, నెల్లూరు. తప్పుగా అనుకోకండి, ఒక చిన్న ప్రశ్న. మా నాయనమ్మ వర్షాకాలంలో బిందెలో పటిక తిప్పేది, తెల్లారేసరికి నీళ్ళు తేటపడేవి. ట్యాంకులో అలా చేయకూడదా?

ల్యాబ్_కోటు | ఆదివారం ఉదయం 7:33

తప్పేమీ లేదండీ. పటికలో ఉండేది అల్యూమినియం. అది నీళ్ళలోని సన్నని మట్టి రేణువులని గుంపు చేసి అడుక్కి దించుతుంది. బిందెలో పైనీళ్ళు వంచుకుంటాం కాబట్టి సరిపోతుంది. ట్యాంకులో ఆ అడుగున బతికే జీవాలున్నాయి. పైగా పటిక నీళ్ళలో కరిగితే ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే శక్తి) తగ్గుతుంది. అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసిన ఫాస్ఫేట్ రిమూవర్లు వాడినప్పుడే టోడ్‌స్టూల్ లాంటి లెదర్ పగడాలు ముడుచుకుపోవడం చాలామంది చూశారు. ఇక పటిక సంగతి చెప్పక్కర్లేదు. రీఫ్‌లో వద్దు.

భీమిలి_అల | ఆదివారం ఉదయం 7:40

చేపలు దిగాయంటే ఆక్సిజన్ అందుతోంది. మంచిది. ఇప్పుడు ఈ తెలుపు ఏమిటో తేల్చుకుందాం. తెల్లబడ్డ నీళ్ళన్నీ ఒకటి కాదు, ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి విషమవుతుంది.

రెండు శుభ్రమైన గాజు గ్లాసులు తీసుకోండి, సబ్బు వాసన ఉండకూడదు. రెండిట్లోనూ ట్యాంకు నీళ్ళు ముంచండి. మొదటిదాన్ని కదపకుండా నల్లటి గుడ్డ ముందు పెట్టండి. కింది నుంచి పైకి తేటపడుతూ ఐదు నిమిషాల్లో మామూలైపోతే అవి సన్న గాలి బుడగలు, పంపో స్కిమ్మరో ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. గంటా రెండు గంటలకి అడుగున పొడి పేరుకుంటే ఇసుక దుమ్ము. ఎంతసేపటికీ అలాగే ఉంటే ఇంకేదో.

రెండో గ్లాసులో ఒక చెంచా వంటింటి వెనిగర్ పోసి కలపండి. తెలుపు కరిగిపోయి నీళ్ళు తేటపడితే అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నం విరిగిందని. కరగకపోతే బ్యాక్టీరియా అనుకోవచ్చు.

దాంతోపాటు పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ, ఉప్పు, టెంపరేచర్ చూసి రాయండి.

డాలస్_రీఫర్ | ఆదివారం ఉదయం 7:52

భీమిలి అన్న చెప్పిన వెనిగర్ పరీక్ష బంగారం లాంటిది. మాకు ఇక్కడ పోయిన ఏడాది ఇలాగే తెల్లబడింది. అచ్చం ఇదే రంగు. కానీ మాది సున్నం. టాప్‌ఆఫ్ (ఆవిరైనదానికి బదులు పోసే) నీళ్ళలో సున్నపు తేట కలుపుతాను, ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుని రాత్రంతా అదే పోసింది. పీహెచ్ మీటరు 8.8 చూపించింది. గ్లాసులో వెనిగర్ పడగానే తేటపడిపోయింది. హీటరు మీద, పంపుల లోపల గరుకుగా తెల్లటి పొర కట్టింది.

ఆల్కలినిటీ, కాల్షియం రెండూ ఒకేచోట ఒకేసారి పోసినా, మెగ్నీషియం బాగా తగ్గినా కూడా ఇలా విరుగుతుంది. మెగ్నీషియం 1250 నుంచి 1350 మధ్య ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. మీ పీహెచ్ ఎంతుందో చూస్తే సగం తేలిపోతుంది. సున్నమైతే పైకి పోతుంది, బ్యాక్టీరియా అయితే కిందికి దిగుతుంది.

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం ఉదయం 8:31

అన్నా, చూశాను.

మొదటి గ్లాసు: అరగంట దాటింది, ఏ మార్పూ లేదు. అడుగున పొడి కూడా లేదు. టార్చి వేస్తే వెలుతురు చారలాగా కనిపిస్తోంది తప్ప రేణువులు కంటికి ఆనడం లేదు.
రెండో గ్లాసు: వెనిగర్ పోసినా అలాగే తెల్లగా ఉంది.
పీహెచ్ 7.6. మామూలుగా ఈ టైముకి 8.0 ఉంటుంది.
అమ్మోనియా 0.25. ఎప్పుడూ సున్నానే.
ఆల్కలినిటీ 7.3 డీకేహెచ్. గురువారం చూసినప్పుడు 8.3.
ఉప్పు (సాంద్రత) 1.026. టెంపరేచర్ 28.

పీహెచ్, ఆల్కలినిటీ రెండూ పడిపోయాయి కదా, బఫర్ పొడి వేయనా?

ల్యాబ్_కోటు | ఆదివారం ఉదయం 8:38

బఫర్ వేయొద్దండీ. అమ్మోనియా 0.25 ఉంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అందులో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో, పెద్దగా హాని లేకుండా ఉంటుంది. మీరు పీహెచ్ ఒక్కసారిగా పైకి లేపితే అదే అమ్మోనియా విషంగా మారుతుంది. ఆక్సిజన్ తగ్గి ఇప్పటికే బలహీనపడ్డ చేపకి అది రెండో దెబ్బ.

మీ అంకెల్లో నాకు ఒకటి కొరుకుడు పడటం లేదు. బ్యాక్టీరియా పెరిగితే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పీహెచ్ తగ్గుతుంది, అంతవరకు సరే. కానీ కార్బన్ డయాక్సైడ్‌వల్ల ఆల్కలినిటీ తగ్గదు. మూడు రోజుల్లో 8.3 నుంచి 7.3కి దిగిందంటే ఎక్కడో ఆమ్లం పడి ఉండాలి. మీవన్నీ సాఫ్ట్ పగడాలు, అంత ఆల్కలినిటీ వాడుకోవు. ట్యాంకులో మీరు రోజూ ఏమేం కలుపుతారు?

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం ఉదయం 8:44

నైట్రేటు 40 ఉండేది, దానికోసం రెండు నెలలుగా వెనిగర్ వాడుతున్నాను, అది తిని పెరిగే బ్యాక్టీరియా నైట్రేటుని కూడా వాడుకుంటుందని. ఈ వేదికలో చదివే మొదలుపెట్టాను. నెమ్మదిగా పెంచుకుంటూ వచ్చి ఇప్పుడు రోజుకి 15 మిల్లీలీటర్లు. డోసింగ్ పంపు పెట్టాను, పగలు కొంచెం కొంచెంగా పోస్తుంది. నైట్రేటు 10కి వచ్చింది, నీళ్ళు ఎప్పుడూ తెల్లబడలేదు. డోసు కూడా మార్చలేదు.

పగడాల_రాణి | ఆదివారం ఉదయం 8:47

మీరు మార్చలేదు సరే, పంపు మార్చిందేమో. వెనిగర్ సీసాలో ఎంత ఉందో ఒకసారి చూడండి.

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం ఉదయం 9:05

అక్కా, దొరికింది.

గురువారం రాత్రి సీసా నిండా, లీటరు గీత దాకా పోశాను. మూడు రోజులకి ఓ 45 తగ్గాలి. ఇప్పుడు 750 గీత దగ్గరుంది. అంటే 200కి పైగా లెక్క లేకుండా పోయింది. పంపు ప్లగ్గు తీసేసి సంప్ దగ్గర కూర్చుని చూశాను. ట్యూబు చివర ఒక చుక్క ఉబ్బి, కాసేపు వేలాడి, పడుతోంది. మళ్ళీ ఇంకో చుక్క. కరెంటు లేకుండానే! పంపు తల విప్పి చూస్తే రోలర్లు నొక్కే చోట ట్యూబు చప్పిడిగా అయిపోయి, తెల్లటి గీత పడింది. వేలితో నొక్కితే తిరిగి గుండ్రంగా రావడం లేదు. సీసా సంప్ పక్కన పైఅరలో ఉంది.

ట్యూబు తీసి సీసాకి మూత బిగించేశాను.

భీమిలి_అల | ఆదివారం ఉదయం 9:12

అదీ సంగతి. రోలరు ట్యూబుని పూర్తిగా నొక్కి ఉంచినంతసేపే ఆ పంపు కుళాయిలా పనిచేస్తుంది. ట్యూబు మెత్తబడి నొక్కు చాలకపోతే, పైన ఉన్న సీసాలోంచి దానంతటదే కారుతుంది. వెనిగర్ పోసే ట్యూబు త్వరగా పాడవుతుందని నా అనుభవం, కాల్షియం ట్యూబు దాని పక్కనే ఉన్నా బాగానే ఉంటుంది.

కారణం దొరికింది, కారడం ఆగింది. ఇక మిగిలింది చేపల్ని ఈ రెండు మూడు రోజులు దాటించడం.

ల్యాబ్_కోటు | ఆదివారం ఉదయం 9:26

ఇప్పుడు ఆల్కలినిటీ లెక్క కూడా కుదిరింది. కొంచెం లెక్క రాస్తాను, గాలి ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది.

మన బజార్లో దొరికే సింథటిక్ వెనిగర్‌లో సుమారు 4 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. 200 మిల్లీలీటర్లంటే 8 గ్రాముల ఆమ్లం. 300 లీటర్లలో అది కలిస్తే ఆల్కలినిటీ 1.2 దాకా తగ్గాలి. మీకు 1 తగ్గింది. సరిపోయింది.

ఆ 8 గ్రాములనీ బ్యాక్టీరియా పూర్తిగా తినేయాలంటే దాదాపు 8.5 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 28 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు లీటరుకి దాదాపు 6.4 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకోగలదు. మీ 300 లీటర్లలోనూ ఒక సమయంలో ఉండేది 2 గ్రాముల లోపే. కొంత ఆమ్లం బ్యాక్టీరియా ఒంట్లోకి పోతుంది కాబట్టి మొత్తం 8.5 అవసరం పడదు, అయినా ఉన్నదానికంటే ఎన్నో రెట్లు కావాలి. ఆ తేడా గాలి నుంచే రావాలి. రాత్రి పగడాలు, ఆల్గే కూడా ఆక్సిజన్ వాడుకునేవే, అందుకే మీకు తెల్లవారుజామున ఇబ్బంది వచ్చింది.

ఇంకో మాట. బ్యాక్టీరియా ఆ ఎసిటేటుని తినేశాక ఆల్కలినిటీ దానంతటదే చాలావరకు తిరిగొస్తుంది. ఏమీ కలపకుండా రేపు ఎల్లుండి కొలిచి చూడండి. ఇవాళ బఫర్ పోసి ఉంటే అప్పుడు మామూలుకంటే పైకి పోయేది.

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం ఉదయం 9:34

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు సార్, ధన్యవాదాలు. మరి నీళ్ళు మార్చనా? ఫిల్టర్ సాక్ (నీళ్ళు వడకట్టే సంచి) కొత్తది వేస్తే లాగేస్తుందా?

పగడాల_రాణి | ఆదివారం ఉదయం 9:45

సాక్‌తో పని జరగదు. మనం వాడే సాక్ రంధ్రాలు 100 నుంచి 200 మైక్రాన్లు. బ్యాక్టీరియా ఒక మైక్రాన్ అటూఇటూ. దర్జాగా దాటిపోతుంది. సాక్, ఫ్లాస్ (వడకట్టే దూది) ఇసుక దుమ్ముకి పనికొస్తాయి.

నీళ్ళు ఉన్న 40 లీటర్లు మార్చండి, సాయంత్రం. టెంపరేచర్, ఉప్పు రెండూ ట్యాంకుతో సమానం చేసి, నెమ్మదిగా. దాంతో మిగిలిన వెనిగర్ కొంత పోతుంది. మొత్తం మార్చడం మాత్రం వద్దు. అలసిపోయిన చేపని ఒక్కసారిగా వేరే పీహెచ్‌లోకి తోయడమే అవుతుంది.

స్కిమ్మర్‌ని తడిగా లాగేలా పెట్టండి, అంటే నీళ్ళలాంటి నురగ కప్పులో పడాలి. బ్యాక్టీరియాని ట్యాంకులోంచి నిజంగా బయటికి పంపేది అదే. కప్పు గంటకోసారి చూస్తూ ఉండండి, రాత్రి పడుకునే ముందు తప్పకుండా ఖాళీ చేయండి, లేకపోతే పొంగి అదే మురికి మళ్ళీ సంప్‌లో పడుతుంది. యూవీ (బ్యాక్టీరియాని చంపే అతినీలలోహిత దీపం) ఉంటే పెట్టండి.

మియాపూర్_మష్రూమ్ | ఆదివారం ఉదయం 10:02

మాది మియాపూర్. నా దగ్గర యూవీ ఖాళీగా ఉంది, ట్యూబ్ ఈ మధ్యే మార్చాను. మీకు మెసేజ్ పెట్టాను, వచ్చి తీసుకెళ్ళండి. చిన్న పంపు పెట్టి నీళ్ళు నెమ్మదిగా పోనివ్వండి, స్పీడుగా పోతే లైటు కింద బ్యాక్టీరియా నిలవదు. తిరిగి ఇవ్వడానికి తొందర లేదు.

మెల్‌బోర్న్_నత్త | ఆదివారం మధ్యాహ్నం 12:15

సమస్య తేలింది కాబట్టి ఒక పక్క మాట రాస్తాను, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి చదువుతారని. మా ట్యాంకు ఒకసారి సాయంత్రం అరగంటలో మసకబారింది. అన్ని టెస్టులూ బాగానే ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ట్రోకస్ నత్త ఒకటి అద్దం పైఅంచుకి ఎక్కి, గుల్ల ఎత్తి, ఒంట్లోంచి తెల్లటి పొగ ఉండుండి వదులుతోంది. కాసేపటికి అవతలి అద్దం మీద ఇంకోటి మొదలుపెట్టింది. గుడ్లు, వీర్యం నీళ్ళలోకి వదిలే సమయమన్నమాట. దానికేం చేయక్కర్లేదు, స్కిమ్మర్ తెల్లారేసరికి లాగేసింది. పగడాలు కూడా నోరు తెరిచి ఆ రాత్రి బాగా తిన్నాయి.

నీళ్ళు మసకబారగానే ట్యాంకులో ప్రతి జీవాన్నీ లెక్కపెట్టుకుని చూడటం నాకు అప్పటినుంచి అలవాటు. ఒక్కోసారి అవి ఇలా గుడ్లు, వీర్యం వదులుతుంటాయి, ఒక్కోసారి రాయి వెనక ఒకటి చచ్చి కుళ్ళుతూ ఉంటుంది. రెండో సందర్భంలో దాన్ని తీసేదాకా నీళ్ళు బాగుపడవు.

కొత్త_ఉప్పునీళ్ళు | ఆదివారం మధ్యాహ్నం 2:40

నాది కూడా అడగొచ్చా? రెండడుగుల ట్యాంకు, పెట్టి వారమైంది, ఇంకా చేపలు వేయలేదు. ఇసుక వేసినప్పటినుంచి మసకగానే ఉంది. ఇంటి ఆర్వో నీళ్ళే వాడాను. రాళ్ళు తక్కువయ్యాయి, మా బంధువు ఒకాయన రామేశ్వరం వైపు నుంచి సముద్రపు రాళ్ళు తెస్తానంటున్నాడు.

భీమిలి_అల | ఆదివారం మధ్యాహ్నం 3:05

రాళ్ళ మాట ముందు. వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. అది మన్నార్ సింధుశాఖ, 21 దీవులతో మెరైన్ నేషనల్ పార్క్. రాతి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చచ్చిన పగడపు రాయి తెచ్చినా కేసే. చట్టం పక్కన పెట్టినా, ఆ దిబ్బల్ని చూసినవాడెవడూ అక్కణ్ణుంచి ముక్క తేవాలనుకోడు. సిరామిక్ రాళ్ళు దొరుకుతాయి, కొన్నాళ్ళకి వాటి మీదా కోరలైన్ పడుతుంది.

మసక సంగతి: కడగకుండా వేసిన ఇసుక అయితే దుమ్ము. ఫ్లాస్ పెట్టి రోజూ మార్చండి, దిగిపోతుంది. చేపల్లేవు కాబట్టి కంగారేం లేదు. కొత్త ట్యాంకులో బ్యాక్టీరియా పొంగడం కూడా మామూలే, దానంతటదే తగ్గుతుంది.

పగడాల_రాణి | ఆదివారం మధ్యాహ్నం 3:20

ఇంటి ఆర్వో గురించి ఒక్కమాట. తాగేనీళ్ళ ఆర్వోల్లో చాలావాటికి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) కంట్రోలర్ ఉంటుంది, రుచికోసం పంపునీళ్ళు కొంచెం కలిపి ఇస్తుంది. కొన్నిటిలో ఖనిజాల గొట్టం కూడా ఉంటుంది. మీటరు పెట్టి చూడండి, 50, 80 అలా వస్తే అది రీఫ్‌కి పనికిరాదు. కంట్రోలర్ పూర్తిగా మూసి, చివర డీఐ గొట్టం (మిగిలిన లవణాల్ని లాగేసేది) తగిలించి సున్నా వచ్చేలా చూసుకోండి. బోరు నీళ్ళ ఇళ్ళల్లో డీఐ త్వరగా అయిపోతుంది, అయినా తప్పదు.

ఉప్పు కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. అలా పోస్తే మొదట చిక్కటి ద్రావణం తయారై అందులో కాల్షియం విరిగి తెల్లగా పడుతుంది, ఇక కరగదు.

కూకట్‌పల్లి_క్లౌన్ | ఆదివారం రాత్రి 9:50

అప్‌డేట్: 40 లీటర్లు మార్చాను. మియాపూర్ అన్న యూవీ ఇవ్వడమే కాకుండా స్వయంగా వచ్చి బిగించి వెళ్ళారు. చేపలన్నీ ఉన్నాయి, పైకి రావడం లేదు. రొయ్యలు రెండూ కనిపించాయి. కానీ నీళ్ళు పొద్దుటికంటే ఇంకా చిక్కగా తెల్లబడ్డాయి! వేవ్‌మేకర్ కూడా కనిపించడం లేదు. పెరుగుతోందా?

ల్యాబ్_కోటు | ఆదివారం రాత్రి 10:04

పెరుగుతుంది. తిండి ఇంకా మిగిలుంది, అది అయిపోయేదాకా అవి పెరుగుతూనే ఉంటాయి. నీళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయన్నది ఇవాళ ముఖ్యం కాదు. చేపలు ఎలా ఊపిరి తీస్తున్నాయన్నదే చూడండి.

భీమిలి_అల | ఆదివారం రాత్రి 10:11

ఈ రాత్రి కరెంటు పోతే ఏం చేస్తారు? అది ఇప్పుడే ఆలోచించండి. మామూలు రోజుల్లో ఒక గంట పంపులు ఆగినా ట్యాంకు తట్టుకుంటుంది. ఇవాళ తట్టుకోదు.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్ మొదటి రాత్రే అయిపోయింది. టార్చి సెల్స్‌తో నడిచే చిన్న ఎయిర్ పంపులు, చేపల వలకి వెళ్ళేవాళ్ళు బతికున్న ఎర కోసం వాడతారే, అవే నా చేపల్ని కాపాడాయి. సెల్స్ అయిపోయినప్పుడు ఇంట్లో వంతులేసుకుని మగ్గుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి ట్యాంకులోకే పోశాం. ధార ఎంత ఎత్తునుంచి పడితే అంత గాలి కలుస్తుంది. పగడాలు కొన్ని పోయాయి, చేపలు నిలబడ్డాయి.

ఎయిర్ పంపుని ఇన్వర్టర్ లైనుకి తగిలించి పడుకోండి. దానికి నాలుగైదు వాట్లు చాలు, రాత్రంతా ఆడుతుంది.

కూకట్‌పల్లి_క్లౌన్ | సోమవారం ఉదయం 6:30

అన్నా, మీరు రాసింది చదివి ఎయిర్ పంపు ఇన్వర్టర్‌కి మార్చాను. రెండు గంటలప్పుడు నిజంగానే కరెంటు పోయింది, ముప్పావు గంట. వేవ్‌మేకర్, స్కిమ్మర్ ఆగాయి, గాలి ఆగలేదు. చేపలన్నీ బాగున్నాయి.

పీహెచ్ 7.8. అమ్మోనియా 0.25 దగ్గరే ఉంది. నీళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి కానీ వెనక రాయి అంచు లీలగా కనిపిస్తోంది. స్కిమ్మర్ కప్పు రాత్రి నుంచి రెండుసార్లు నిండింది, లోపల బూడిదరంగు జిగట, వాసన భరించలేకపోయాం.

పగడాల_రాణి | సోమవారం ఉదయం 7:10

ఆ జిగటే మీకు కావలసింది. కప్పు మెడని రోజుకి రెండుసార్లు తుడవండి, జిగట పేరుకుంటే నురగ పైకి ఎక్కదు. మేత ఇవాళ కూడా వద్దు. ఆరోగ్యంగా ఉన్న క్లౌన్లకి రెండు మూడు రోజులు తిండి లేకపోయినా ఏమీ కాదు.

డాలస్_రీఫర్ | మంగళవారం ఉదయం 8:20

ఎలా ఉంది? పొద్దున్నే ఇదే తెరిచి చూశాను.

కూకట్‌పల్లి_క్లౌన్ | మంగళవారం రాత్రి 8:45

వెనక అద్దం కనిపిస్తోంది. నీళ్ళలో ఇంకా సన్నటి మసక ఉంది. అమ్మోనియా సున్నా. పీహెచ్ 8.0. ఆల్కలినిటీ ఏమీ కలపకుండానే 8.1కి వచ్చింది, ల్యాబ్_కోటు సార్ చెప్పినట్టే. జోవాలు సగం విచ్చుకున్నాయి, టోడ్‌స్టూల్ ఇంకా ముడుచుకునే ఉంది, దాని పైన మైనంలాంటి పొర ఊడుతోంది. అది ప్రమాదమా?

పగడాల_రాణి | మంగళవారం రాత్రి 9:02

కాదు. లెదర్ పగడాలు అప్పుడప్పుడు అలా పొర వదులుతాయి, ఇబ్బంది పడ్డాక మరీను. నీటి ప్రవాహం దాని మీదుగా పోయేలా చూడండి, పొర కొట్టుకుపోతుంది. చేత్తో లాగొద్దు. వారం పైనే పట్టొచ్చు.

కూకట్‌పల్లి_క్లౌన్ | గురువారం సాయంత్రం 6:15

నీళ్ళు పూర్తిగా తేటపడ్డాయి. ఒక్క చేప కూడా పోలేదు. ఒక నత్త చనిపోయింది, తీసేశాను. కొత్త ట్యూబు వచ్చింది. అందరికీ చేతులెత్తి దండం. వెనిగర్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతతో?

భీమిలి_అల | గురువారం సాయంత్రం 6:50

రెండు వారాలు ఆగండి. ఈలోపు నైట్రేటు, ఫాస్ఫేటు కొలవండి, ఈ పొంగులో రెండూ బాగా పడిపోయి ఉంటాయి. నైట్రేటు 5 కంటే తక్కువుంటే అసలు మొదలుపెట్టొద్దు. సున్నాకి దిగితే డైనోలు (డైనోఫ్లాజెలేట్లు, జిగటగా పరుచుకునే సూక్ష్మజీవులు) వస్తాయి, అవి ఇంతకంటే పెద్ద తలనొప్పి. మొదలుపెడితే 3 మిల్లీలీటర్లతో, వారానికోసారి కొంచెం పెంచుతూ.

సీసా పైఅరలోంచి తీసి నేల మీద పెట్టండి, ట్యూబు చివర కంటే సీసాలో మట్టం ఎప్పుడూ కిందే ఉండాలి. అప్పుడు ట్యూబు పాడైనా కారదు. ట్యూబు చివర సంప్ నీళ్ళలో మునగకూడదు, పైన వేలాడాలి, లేకపోతే సంప్ నీళ్ళే వెనక్కి సీసాలోకి వస్తాయి. ఇక లీటరు సీసా తీసేసి 100 మిల్లీలీటర్లది పెట్టండి. మొత్తం ఒక్కసారే పడిపోయినా మీ ట్యాంకు దాటగలిగేంతే అందులో ఉండాలి. సీసా మీద తేదీ వేసి గీత గీస్తే రోజూ అటు వెళ్ళినప్పుడు కంటికి తెలిసిపోతుంది.

కొత్త_ఉప్పునీళ్ళు | గురువారం రాత్రి 8:05

ట్యూబు ఎన్నాళ్ళకి మార్చాలి అన్నా? నేనూ డోసింగ్ పంపు కొందామనుకుంటున్నాను.

భీమిలి_అల | గురువారం రాత్రి 8:20

వెనిగర్‌కి అయితే నేను ఆర్నెల్లకోసారి, కాల్షియం, ఆల్కలినిటీ ట్యూబులు ఏడాదికోసారి మారుస్తాను. మధ్యలో నెలకోసారి పంపు ఆపి, ట్యూబు చివర ఒక నిమిషం చూడండి. చుక్క పడిందంటే ఆ రోజే మార్చేయాలి. మీకు మాత్రం ఇప్పుడే పంపు అక్కర్లేదు, ముందు సైకిల్ (అమ్మోనియాని తినే బ్యాక్టీరియా స్థిరపడటం) పూర్తి కానివ్వండి.